పాత జీపు కొనేవారి సంక్షేమార్థం

పాత ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను పవర్ వెళ్లే జీపు, కొనేవాళ్లను ఎగతాళి చేయడం ఈ మధ్య బాగా పెరిగింది. ముఖ్యంగా వాళ్ల సొంత ఇళ్లలో. ఈ ధోరణిని ఈ వ్యాసం తీవ్రంగా ఖండిస్తోంది.

చరిత్ర చూడండి. తాతగారు ఊరికి మట్టిరోడ్డు కోసం సర్పంచి చుట్టూ తిరిగారు. నాన్నగారు అదే రోడ్డుకి తారు వేయించడానికి ఎమ్మెల్యే చుట్టూ తిరిగారు. మనవడు హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేసి, నాలుగు డబ్బులు వెనకేసి, రోడ్డు లేని చోటు ఎక్కడుందో వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. ఇంతటి పురోగతిని చూసి నవ్వడం ఏం సంస్కారం?

కొత్త బండే కొనుక్కోవచ్చు కదా అంటారు ఇంట్లోవాళ్లు. 2020లో వచ్చిన మహీంద్రా వాళ్ల కొత్త థార్ జీపులో ఏసీ ఉంది, ఎయిర్‌బ్యాగులున్నాయి, బ్యాంకు లోనూ వస్తుంది. అదే దాని లోపం. డబ్బుంటే ఎవరైనా కొంటారు. 1985లో వచ్చిన మారుతి జిప్సీ అలా కాదు. ఏసీ లేదు, ముందూ వెనకా లారీకున్నట్టు కమాన్ కట్టలే, వెనక కూర్చున్నవాళ్లు ఎదురెదురుగా మోకాళ్లు తగిలించుకోవాలి. 2019 నాటికి కంపెనీ దాన్ని మామూలు జనానికి అమ్మడం ఆపేసింది. ఆపేశాక ధర తగ్గుతుందని లెక్కలేసుకున్న అమాయకులు ఇంకా లెక్కలేస్తూనే ఉన్నారు. డీజిల్ కావాలంటే మహీంద్రా ఎమ్ఎమ్ 540 ఉంది. దాని ఇంజను ప్యూజో వాళ్ల డిజైను. ఆ సంగతి ఓనరు మీకు మొదటి ఐదు నిమిషాల్లోనే చెబుతాడు. ఆయిల్ కారుతున్న సంగతి చెప్పడు.

ఇక బేరం. అమ్మకానికొచ్చిన ప్రతి జిప్సీనీ మిలిటరీ ఆఫీసరే వాడి ఉంటాడు. జవాన్లు బహుశా నడిచి వెళ్లారు. మిలిటరీ వేలంలో కొన్నదైతే వేలం కాగితాలు అడగాలి. అడగ్గానే ఓనరు టీ తెప్పిస్తాడు. ఢిల్లీ బండైతే ఇంకా మంచిదట. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో సరేనంది. అక్కడ కాలం చెల్లిన బండి ఎన్వోసీ పుచ్చుకుని మన దగ్గరకొచ్చి, లైఫ్ టాక్సు కట్టించుకుని పునర్జన్మ ఎత్తుతుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల ఫీజును 5,000 చేసింది. ముసలివాళ్లంటే ప్రభుత్వానికి ఎంత గౌరవమో చూడండి.

అసలు పరీక్ష బండిలో ఉంటుంది. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది, దాన్ని జరిపితే ముందు చక్రాలకి కూడా పవర్ వెళ్తుంది. వెళ్లాలి. ఈ రకం బళ్లలో ముందు వెనక చక్రాల వేగాల తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. అందుకే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో పెట్టి ఇరుకు మలుపు తిప్పితే బండి పట్టేసినట్టు మొరాయిస్తుంది, ముందు చక్రాలు గెంతుతాయి. అది రోగం కాదు, ఆరోగ్యం. మన కొనుగోలుదారుడికి ఇది తెలియదు. మొరాయించిన బండికి ఏదో జబ్బుందని వదిలేస్తాడు. పక్క వీధిలో ఇంకో బండి అదే మలుపులో వెన్నలా తిరుగుతుంది. "చూశారా సార్, ఎంత స్మూతో!" అంటాడు బ్రోకరు. తిరగదా మరి? మైలేజీ కోసం ముందు చక్రాలకి పవర్ తీసుకెళ్లే షాఫ్టు ఎప్పుడో ఊడదీసేశారు. చిన్న రాడ్డు మాత్రం మిగిలింది, దాని మీద కొత్త రబ్బరు తొడుగు కూడా వేశారు. స్మూత్‌గా ఉన్నందుకు ఇరవై వేలు ఎక్కువిచ్చి మనవాడు ఇంటికి తోలుకొస్తాడు.

చిన్న సుత్తి పట్టుకుని ఛాసిస్ కింద దూరి తుప్పుందేమో తట్టి చూడాలని పెద్దలు చెబుతారు. కింద కొత్తగా నల్ల పెయింటు మెరుస్తుంటే ఇంకా గట్టిగా తట్టాలట. కానీ కొత్త జీన్సు వేసుకెళ్లినవాడు కింద దూరలేడు కదా, ఇది కూడా ఆలోచించాలి.

కొన్నాక అలంకరణ. మొదట బుల్ బార్, అంటే ముందు బంపరుకి బిగించే ఇనప చట్రం. అవి చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అయినా షెడ్డులో వెల్డింగ్ వెలుగు ఆగలేదు. తర్వాత స్నార్కెల్. ఇంజను పీల్చుకునే గాలిని అద్దం పైఅంచు దాకా ఎత్తి తెచ్చే గొట్టం ఇది. వాగులో దిగినా ఇంజనులోకి నీళ్లు పోవు. డోరు కింద తుప్పు తిన్న కంతల్లోంచి ముందు మన ఒళ్లోకి వస్తాయి.

వానాకాలంలో వికారాబాద్ వైపు మట్టి దారుల్లో ఆరంగేట్రం. జిప్సీ ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పి లాక్ చేయాల్సిన హబ్బులుంటాయి, అవి తిప్పకపోతే లోపల రాడ్డు ఎంత లాగినా లాభం లేదు. ఈ విషయం మోకాలి లోతు బురదలో ఆగాకే గుర్తుకొస్తుంది. చివరికి టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు వచ్చి లాగుతుంది. రైతు డబ్బు తీసుకోడు, ఫోటో మాత్రం తీసుకుంటాడు.

బొర్రా నుంచి కటికి జలపాతానికి, శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి గుడికి జనాన్ని ఎక్కించుకుని రోజూ రాళ్లలో తిరిగే జీపు డ్రైవర్లున్నారు. కాళ్లకి హవాయి చెప్పులు, ఒక చేత్తో ఫోను. వాళ్లది ఆఫ్ రోడింగ్ కిందకి రాదు. హాబీ ఉండాలి, వాళ్లకున్నది బతుకుతెరువు.

పట్టుదల గలవాళ్లు అక్కడితో ఆగరు. వరసగా బళ్లు కట్టుకుని అల్లూరి జిల్లా కొండల దాకా వెళ్తారు. అక్కడింకా కొన్ని ఊళ్లలో నొప్పులొచ్చిన ఆడవాళ్లని డోలీ కట్టి కిందకి మోసుకొస్తారు. ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి రోడ్డు కోసం అర్జీలు పెడుతున్నారు. ఎక్కడో ఒకచోట మంజూరవుతుంది, సిమెంటు పడుతుంది. మరుసటి వానాకాలం మనవాళ్లు వెళ్లి, దిగి, నడుం మీద చేతులేసుకుని, "బంగారంలాంటి మట్టి ట్రైలు, నాశనం చేశారు" అని నిట్టూరుస్తారు.

ఈ ఆవేదనని ప్రభుత్వం పట్టించుకోవాలి. ఏజెన్సీలో రోడ్డు వేసేటప్పుడు పక్కనే పాత బురద దారిని కూడా కదపకుండా ఉంచాలని మనవి. గర్భిణులు రోడ్డు మీద వెళ్తారు, జీపులవాళ్లు పక్కన దిగబడతారు, ఎవరికీ ఇబ్బంది లేదు. అంబులెన్సు ఎటూ అటువైపే వస్తుంది కాబట్టి, వెనక్కి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి లాగితే చాలు. తాడు వాళ్లే తెచ్చుకుంటారు.