మైకు పట్టని చేతులు

క్రిస్మస్ దగ్గర పడిందంటే, ఊరు వదిలి వచ్చిన మనం ఇక్కడ నడుపుకునే తెలుగు ఫెలోషిప్పుల్లో, అంటే క్రైస్తవ ప్రార్థన కూటాల్లో, మూడు ప్రశ్నలే వినిపిస్తాయి. వాక్యం ఎవరు చెబుతారు, పాటలు ఎవరు పాడతారు, కీబోర్డు ఎవరు వాయిస్తారు. ఈ మూడింటికీ పేర్లు దొరికితే సేవ సంగతి తేలిపోయినట్టే. మిగతావాళ్లు కుర్చీలు సర్ది, పలావు వడ్డించి, కానుక వేసి ఇంటికి వెళ్లిపోతారు. ఆ మిగతావాళ్లలో డయాలసిస్ సెంటర్లో పనిచేసే నర్సు ఉంటుంది. లెక్కల్లో రూపాయి తేడా వచ్చినా నిద్రపట్టని అకౌంటెంట్ ఉంటాడు. ఎంత గొడవపడ్డ ఇద్దరినైనా ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించగల పెద్దమ్మ ఉంటుంది. వాళ్లకు బాగా వచ్చిన పని ఏమిటో సంఘం అడగదు. వాళ్లు కూడా ఆ పనిని ఉద్యోగం ఖాతాలోనో, స్వభావం ఖాతాలోనో వేసుకుంటారు తప్ప విశ్వాసంతో ముడిపెట్టరు.

ఇది సరికాదని నా గట్టి నమ్మకం. దేవుడు మనిషికి ఏ పని చేతనైనట్టు చేశాడో, ఆ పని ద్వారానే ఆ మనిషి విశ్వాసం బయటి ప్రపంచానికి కనపడాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మనకు ఇది ఒకరు చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మన ప్రాంతంలో క్రీస్తు పేరుకు గౌరవం తెచ్చినవాళ్లలో చాలామంది తమ చేతిలో ఉన్న విద్యనే నమ్ముకున్నారు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతే తీసుకోండి. ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు వాళ్లకు ఆరోగ్యవరం ఆస్పత్రి గురించి పరిచయం అక్కర్లేదు. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ పనిచేశారు. ఆయన కంటి డాక్టరు. చుట్టుపక్కల పల్లెల్లో శుక్లాలు ముదిరి చూపు పోయిన ముసలివాళ్లకు ఆపరేషన్లు చేసి మళ్లీ చూపు తెప్పించడం ఆయన పని. సంఘాల్లో మామూలుగా మనం చెప్పుకునేది ఇంతవరకే. నాకు ముఖ్యమనిపించేది దీని తర్వాతి భాగం. కెనడాలో కాల్గరీ అనే ఊళ్లో ఆర్ట్ జెంకిన్స్ అని ఒక వ్యాపారి ఉండేవాడు. గల్లిసన్ చెప్పిన మాటలు ఆయన మనసును తాకాయి. జెంకిన్స్‌కు కత్తి పట్టడం రాదు, తెలుగు రాదు. ఆయనకు వచ్చింది వ్యాపారం. మనుషుల్ని కలవడం, ఒప్పించడం, డబ్బు కూడగట్టడం, ఆ డబ్బు చేరాల్సిన చోటికి చేరేలా చూడటం. 1963లో ఆ విద్యతోనే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టాడు. సోంపేటలో మొదలైన ఆ సాయం తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది.

జెంకిన్స్ తన వ్యాపారం అమ్మేసి బైబిలు కాలేజీలో చేరి ఉంటే ఏమయ్యేదో అని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. మంచి ప్రసంగీకుడు అయ్యేవాడేమో. సోంపేట పక్క పల్లెలో ఒక అవ్వ మాత్రం తన మనవడి ముఖం చూడకుండానే పోయేది. డాక్టరు డాక్టరుగా, వ్యాపారి వ్యాపారిగా ఉండిపోయినందుకే ఆ పని జరిగింది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. సంఘం ఒక శరీరమనీ, కన్ను చేతితో నువ్వు నాకక్కర్లేదని అనలేదనీ అపొస్తలుడైన పౌలు కొరింథు ఊరి సంఘానికి రాసింది ఇలాంటి సందర్భాలకే సరిగ్గా సరిపోతుంది.

సాలూరులో కుష్ఠు ఆస్పత్రి ఉంది. స్పర్శ పోయిన చేతులకు, కాళ్లకు అయిన పుండ్లు కడిగి కట్టుకట్టిన నర్సుల పేర్లు మనకు తెలియవు. ఇంట్లోవాళ్లే దూరంగా పెట్టిన మనిషి చేయి పట్టుకోవడానికి ఓపిక కావాలి, ఆ పని క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. ఆ రెండూ ఉన్నవాళ్లు అక్కడ చేసింది ఆరాధన కంటే తక్కువని నన్నెవరూ ఒప్పించలేరు.

ఇక క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆయన కీర్తన పాడని ఇల్లు ఉండదు. రాసింది ఆయనేనని చాలామంది పిల్లలకు తెలియదు, అది వేరే బాధ. 1803లో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన పాత చదువును పారేసి విశ్వాసంలోకి రాలేదు. నేర్చిన ఛందస్సు, రాగం, తాళం అన్నీ వెంట తెచ్చుకున్నారు. మిషనరీలు తెచ్చిన పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడుకుంటున్న కాలంలో, మన రాగాల్లో మన నడకతో కీర్తనలు కట్టారు. రెండు వందల ఏళ్లు కావస్తున్నా టెక్కలిలో పాడినా టెక్సస్‌లో పాడినా అవి మన పాటల్లాగే ఉన్నాయంటే కారణం ఆ పాండిత్యం.

బైబిల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఇశ్రాయేలీయులు ఆరాధన కోసం ప్రత్యక్ష గుడారం కట్టే సమయంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన మనిషి బెసలేలు. అతను యాజకుడు కాదు, ప్రవక్త కాదు. బంగారం, ఇత్తడి, రాయి, చెక్క పనుల్లో ఆరితేరినవాడు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం చూసిన పిల్లలకు బెసలేలు సంగతి ఉన్న నిర్గమకాండం 31వ అధ్యాయం వివరించడం తేలిక. అంత సన్నటి నూలు తీసే వేళ్ల వెనక ఉన్న నేర్పు దేవుడు ఇచ్చిందే అంటే వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. యొప్పే అనే ఊళ్లో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోతే విధవరాళ్లు యేసు శిష్యుడు పేతురుకు చూపించింది ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను. ఆమె చెప్పిన సాక్ష్యం ఒక్కటి కూడా లేఖనాల్లో లేదు, ఆమె సూదిపని ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎవరూ పెద్దగా ప్రసంగించని భాగం. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు సంఘాల నుంచి డబ్బు పోగుచేస్తాడు. ఆ డబ్బు విషయంలో తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఏర్పరచిన నమ్మకస్తుడైన సహోదరుణ్ణి వెంట పెట్టుకుంటాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఇది రెండో కొరింథీ పత్రిక, అంటే కొరింథు సంఘానికి పౌలు రాసిన రెండో ఉత్తరం, ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఇక్కడ ఆడిటర్లుగా పనిచేస్తున్న మన సహోదరులు దాన్ని ఒక్కసారి చదవాలని నా మనవి. ఊళ్లోని చిన్న సంఘానికి కానుకల పుస్తకం ఎలా రాయాలో, రసీదు ఎలా ఇవ్వాలో నేర్పిస్తే ఎన్ని తగాదాలు పుట్టకుండానే ఆగిపోతాయో ఊహించండి.

తిత్లీ తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. మా పెదనాన్నగారి అబ్బాయి లైన్‌మన్. కొన్ని వారాల పాటు స్తంభాల మీదే గడిపాడు, ఆదివారం ఆరాధనకు వెళ్లలేదు. సంఘంలో ఒక పెద్దాయన మా వదినను ఆపి, ఇంత ఆపదలో దేవుని సన్నిధికి రాకపోవడం ఏమిటని అడిగాడు. ఆవిడ నెమ్మదిగానే జవాబు చెప్పింది. "కరెంటు నేక మోటార్లు తిరగట్నేదు బావు. ఊళ్లోవోళ్లకి తాగడానికి నీళ్లు నేవు. ఆయన చేసీది దేవుడి పని కాదేటండి?" విశ్వాసం, క్రియల గురించి బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం మీద నేను విన్న వ్యాఖ్యానాల్లో దీనికి మించింది లేదు. ఆ పెద్దాయన కూడా తర్వాతి వారం ప్రార్థనలో లైన్‌మన్ల కోసం ప్రార్థించాడట.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. మనిషి తన బలాన్ని నమ్ముకుంటే దేవుణ్ణి మర్చిపోతాడు, బలహీనతలోనే దేవుని శక్తి సంపూర్ణమవుతుందని పౌలే చెప్పాడు కదా అంటారు. నిజమే. అయితే ఆ మాట రాసిన పౌలు డేరాలు కుట్టడం మానలేదు, చదివిన ధర్మశాస్త్రాన్ని మర్చిపోలేదు. శరీరంలో ముల్లు అని ఆయన చెప్పుకున్న బాధ ఆయనకు గర్వం రాకుండా కాపాడింది, చేతిలో ఉన్న పని ఆయన్ను ఎవరికీ భారం కాకుండా నిలబెట్టింది. నేను చూసినంతలో గర్వం ఎక్కువగా వచ్చేది వేదిక మీద. అకౌంటు పుస్తకం దిద్దేవాడికి, రోగి దుప్పటి మార్చేవాడికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు.

ఈ పత్రిక చదివే హిందూ మిత్రులకు ఇంకో అనుమానం రావచ్చు. వైద్యం, చదువు, సాయం అన్నీ మతం మార్చడానికి వేసే ఎర అని. అలా ఎర వేస్తే అది తప్పే, నేను దాన్ని సమర్థించను. లూకా సువార్తలో యేసు పదిమంది కుష్ఠురోగులను బాగుచేస్తే ఒక్కడే తిరిగివచ్చాడు. మిగతా తొమ్మిదిమంది ఏరని ఆయన అడిగాడే గాని వాళ్లకిచ్చిన ఆరోగ్యాన్ని వెనక్కి తీసుకోలేదు. షరతు పెట్టి చేసే సాయానికి క్రీస్తు పేరు పెట్టకూడదు. మన చేతనైన పని ఎవరికి అవసరమైతే వాళ్లకు చేయాలి, వాళ్లు ఏ గుడికి వెళ్తారన్నది మనం అడగాల్సిన ప్రశ్న కాదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఊళ్లో మందిరం స్లాబ్‌కు డబ్బు పంపుతాం, ఫలకం మీద పేరు వేస్తారు, సంతోషిస్తాం. మందిరం కావాలి, కాదనను. అయితే డబ్బు పంపినంత సులువుగా మన నేర్పును పంపడం లేదు, ఎందుకంటే అందుకు మన సమయం కూడా పోతుంది. ఇంజనీరుగా ఉన్న సహోదరుడు అదే మందిరం ప్లాను చూసి, తుపాను గాలులకు పైకప్పు నిలుస్తుందా లేదా చెప్పగలడు. బళ్లో టీచరుగా చేసిన అక్క, పదో తరగతి పిల్లలకు శనివారం పొద్దున వీడియో కాల్‌లో లెక్కలు చెప్పగలదు. మాట మీద నమ్మకం ఉన్న పెద్దమనిషి, కొత్తగా వచ్చి అద్దె ఇల్లు దొరక్క టెన్షన్ పడుతున్న కుర్రాడి తరఫున ఇంటి ఓనరుతో మాట్లాడగలడు. ఫెలోషిప్పు పెద్దలు చేయాల్సిందల్లా ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, నీకు బాగా వచ్చిన పని ఏమిటి, అది ఎవరికి అక్కరకు వస్తుంది అని అడగడం. చాలామందిని ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అన్నిటికంటే ముందు నాకు ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం. ఆ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఎన్ని పరిశోధనలు జరిగినా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆస్పత్రి ఉన్నా రోగి ఇంట్లో గడిపే రోజులే ఎక్కువ. జబ్బు ముదిరి రక్తంలో పొటాషియం పెరిగినవాళ్లకు డాక్టర్లు కొబ్బరినీళ్లు తగ్గించమంటారు. కొబ్బరి చెట్ల కింద పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట చెప్పి వదిలేస్తే సరిపోదు. ఎందుకు వద్దంటున్నారో, బదులుగా ఏం తినవచ్చో, డయాలసిస్ రోజుల మధ్య నీళ్లు ఎంత తాగాలో అతని యాసలో, అతని ఇంట్లో వండే కూరల పేర్లతో చెప్పేవాళ్లు కావాలి. ఇక్కడి ఆస్పత్రుల్లో రోజూ అదే పని చేస్తున్న మన జిల్లా ఆడపిల్లలు, నర్సులుగా, డైటీషియన్లుగా, మన మధ్యే ఉన్నారు. సంక్రాంతికి ఊరికి వెళ్లేవాళ్లు ముందుగానే అక్కడి డాక్టర్లతో మాట్లాడుకుని, వాళ్ల సలహా ప్రకారం రెండు మూడు పల్లెల్లో ఒక్కో పూట కూర్చోవచ్చు. మందిరం అరుగైనా పరవాలేదు, రామాలయం అరుగైనా పరవాలేదు. వెళ్లాలనుకునేవాళ్లు ఈ నెలలోనే చెబితే, భాష తెలిసిన ఇంకొందరిని జత చేసే పని నేను చూసుకుంటాను.