రాహుకాలానికి ఇంటి అడ్రసెందుకు?

మొన్న మా పత్రిక డెస్కులో ఒకాయన ఫోన్‌ని అందరం కలిసి తెరిచి చూశాం, ఆయన ఒప్పుకున్నాకే లెండి. పెద్ద పరిశోధనేం కాదు, సాయంత్రం టీ దగ్గర మొదలైన వాదన. ‘నా ఫోన్‌లో దాచుకోవాల్సింది ఏముంది, ఎవడు చూస్తే నాకేంటి’ అన్నది ఆయన మాట. సరే చూద్దామని సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో లొకేషన్ దాకా వెళ్తే, ఎప్పుడైనా చూసుకోవచ్చు అని అనుమతి ఇచ్చిన యాప్‌ల వరసలో ఒక పంచాంగం యాప్ కూర్చుని ఉంది. పంచాంగం లొకేషన్ అడగడంలో తప్పు లేదు. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది, రాహుకాలం దాన్ని బట్టే లెక్క. కానీ మనిషి శ్రీకాకుళంలో ఉన్నాడా నిజామాబాద్‌లో ఉన్నాడా అన్నది తెలిస్తే దానికి చాలు కదా, ఏ వీధిలో ఏ అపార్ట్‌మెంట్లో ఉంటాడో, రాత్రి పదకొండింటికి ఎక్కడ తిరుగుతున్నాడో ఎందుకు? పైగా కాంటాక్ట్స్ పర్మిషన్ కూడా ఇచ్చి ఉంది. ఎప్పుడిచ్చారు అంటే గుర్తులేదు. ‘ఏదో అడిగింది, అలౌ కొట్టేశా’ అన్నారు.

అందరం కొడుతున్నదే అది, కాబట్టి ఆయన ఒక్కరినే అనడం న్యాయం కాదు. కానీ ‘దాచుకోవాల్సింది ఏముంది’ అన్న ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లోనే దొరికింది, అదీ ప్రాణాలు పోయాక. 2020 చివర్లో లోన్ యాప్‌ల గొడవ గుర్తుంది కదా. ఐదు వేలో పది వేలో అప్పు, తీర్చడానికి వారం పది రోజులు. బంగారం అక్కర్లేదు, పొలం కాగితాలు అక్కర్లేదు, యాప్ అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే చాలు. గడువు ఒక్కరోజు దాటిందా, మేనమామకి, ఆఫీసులో మేనేజరుకి, ఎప్పుడో ఇంటికొచ్చి కుళాయి బాగుచేసి వెళ్లిన ప్లంబరుకి కూడా ‘వీడు మోసగాడు’ అంటూ మెసేజ్‌లు, ఆపైన మార్ఫింగ్ ఫొటోలు. అవమానం తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తాము తాకట్టు పెట్టింది కాంటాక్ట్స్ లిస్టునని చాలామందికి తెలిసింది అప్పుడే. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోల జోలికి పోకూడదని నిబంధన పెట్టింది, 2023 మే నెలాఖరు నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు చూసే దారి మూసేసింది. మంచిదే. అయితే ప్లే స్టోర్‌తో పనిలేకుండా వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా, అంటే నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైలుగా వచ్చిపడేవాటికి ఈ కట్టుబాట్లేవీ పట్టవు. ఇప్పుడు ట్రాఫిక్ చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, చివరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా వస్తున్నాయి. పెళ్లి పత్రిక ఎక్కడైనా ఇన్‌స్టాల్ చేసుకోమని అడుగుతుందా? ఒక్కసారి నొక్కితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని, ఓటీపీలు మనకంటే ముందే చూసేస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిస్తే ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారుతుందో ఎవరూ చెప్పలేరు.

ఫోన్‌ని పూర్తి ప్రైవేటుగా మార్చుకునే పాతిక చిట్కాలు, యాభై చిట్కాలు అంటూ ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటితో మాకున్న ఇబ్బంది ఒక్కటే, ఎవరి నుంచి దాచుకోవాలో అవి అడగవు. యాడ్స్ అమ్ముకునే కంపెనీ నుంచి దాచుకోవడం ఒక పని, ఫోన్ కొట్టేసిన దొంగ నుంచి కాపాడుకోవడం ఇంకో పని, ఇంట్లోనే ఉండి మెసేజ్‌లు చదివే మనిషి నుంచి అయితే ఆ గొడవే వేరు. ఇక ప్రభుత్వం అంటారా, దాని దగ్గరికి తర్వాత వస్తాం. అన్నిటికీ ఒకే మందు రాసిచ్చేవాళ్లని నమ్మొద్దు.

కంపెనీల సంగతి ఒక్క ఆదివారం గంటసేపు కూర్చుంటే చాలావరకు తేలిపోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రతి యాప్‌కీ లొకేషన్ పేజీలో ‘ప్రిసైస్’ అని ఒక స్విచ్ ఉంది. అది ఆపేస్తే యాప్‌కి సుమారుగా ఏ ప్రాంతంలో ఉన్నామో తెలుస్తుంది గానీ ఇల్లు తెలియదు. ఐఫోన్‌లోనూ ఉంది. క్యాబ్ బుక్ చేసే యాప్‌కి, మ్యాప్స్‌కి కచ్చితమైన చోటు కావాలి, అదీ వాడుతున్నప్పుడే. పంచాంగానికి, వాతావరణానికి, వార్తలకి (మా యాప్‌తో సహా అనే అంటున్నాం) అక్కర్లేదు. ఫొటోలు అడిగితే మొత్తం గ్యాలరీ ఇవ్వకుండా కావాల్సిన నాలుగు ఫొటోలే ఇచ్చే వీలు కొత్త ఫోన్లన్నిటిలో ఉంది. సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగంలోనో ప్రైవసీలోనో యాడ్స్ అని ఉంటుంది, అందులో అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేసేయొచ్చు. పొద్దున ఒక యాప్‌లో చూసిన చెప్పులు సాయంత్రం ఇంకో యాప్‌లో మన వెంట పడడానికి ఒక పెద్ద కారణం ఆ నంబరే. ఐఫోన్ అయితే 2021 ఏప్రిల్ నుంచి ‘ట్రాక్ చేయొచ్చా’ అని ప్రతి యాప్ చేతా అడిగిస్తోంది. ఇవన్నీ చేశాక కూడా ఒకటి మిగులుతుంది, యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివారికోసం పెట్టిన ఏర్పాటది, స్క్రీన్ మీద ఉన్నదంతా చదివే శక్తి దానికి ఉంటుంది. పేరు ఎప్పుడూ వినని యాప్ ఆ జాబితాలో కనిపిస్తే ఆలోచించకుండా తీసేయండి.

దొంగ విషయానికొస్తే, మన దగ్గర ఎవరూ పట్టించుకోనిది సిమ్ లాక్. ఫోన్‌కి వేలిముద్ర పెడతాం, బ్యాంకు యాప్‌కి పిన్ పెడతాం, బస్సులో జేబు కొట్టేసినవాడు మాత్రం ఆ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు, ఓటీపీలు హాయిగా అక్కడికే వెళ్తాయి. సిమ్‌కి పిన్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే జాగ్రత్త, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ తాళం తీసే పీయూకే కోడ్ అడుగుతుంది, కాబట్టి ముందుగా మీ నెట్‌వర్క్ కంపెనీ పెట్టిన అసలు పిన్ ఎంతో కనుక్కున్నాకే మార్చండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనిపించకుండా చేయండి, లేకపోతే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు. ప్యాటర్న్ వద్దు, కనీసం ఆరంకెల పిన్ పెట్టుకోండి. అద్దం మీద వేలి జాడే సగం ప్యాటర్న్ చెప్పేస్తుంది, మిగతా సగం పక్క సీట్లో ఉన్నాయన చూసేస్తాడు.

వాట్సాప్ మెసేజ్‌లు దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే, 2016 నుంచి ఆ తాళం ఉంది. అయితే రోజూ తెల్లవారుజామున గూగుల్ డ్రైవ్‌కి వెళ్లే బ్యాకప్‌కి ఆ తాళం మనంతట మనం వేసుకుంటేనే పడుతుంది. ఇంటి తలుపు వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టుంది వ్యవహారం. చాట్స్‌లో బ్యాకప్ దగ్గర ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోవాలి, ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే చాట్స్ పోయినట్టే.

ఇంట్లోని నిఘా గురించి పత్రికలు తక్కువ రాస్తాయి, మేమూ తక్కువే రాశాం. అత్తగారింట్లో కొత్త కోడలి ఫోన్ ఒక్క నిమిషం చేతిలోకి తీసుకుని వాట్సాప్ వెబ్ లింక్ చేసుకోవడానికి ఏ హ్యాకరూ అక్కర్లేదు. లింక్డ్ డివైసెస్ అన్న చోట తెలియని కంప్యూటర్ ఉందా అన్నది నెలకోసారైనా చూసుకోవాలి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో కూడా. అయితే కొట్టే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కసారిగా అన్నీ తీసేస్తే వాడికి తెలిసిపోతుంది, అది ఇంకా ప్రమాదం. అలాంటప్పుడు ముందు నమ్మకమున్నవాళ్ల ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి మాట్లాడి, సెట్టింగ్స్ సంగతి తర్వాత చూసుకోవడమే మేలు. ‘భార్యాభర్తల మధ్య దాపరికాలేంటి’ అనే పెద్దమనుషులు తమ ఫోన్ పిన్ భార్యకి చెప్పారా లేదా అన్నది మాకు ఆసక్తికరమైన విషయం.

ఇక అజ్ఞాతం. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మన దేశంలో ఆధారో మరో గుర్తింపు కార్డో ఇవ్వకుండా సిమ్ రాదు. ఆ సిమ్ ఉన్న ఫోన్ ఆన్‌లో ఉన్నంతసేపూ దగ్గర్లోని టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది, లొకేషన్ ఆపినా సరే, ఎందుకంటే కాల్ రావాలంటే మనం ఎక్కడున్నామో నెట్‌వర్క్‌కి తెలియాలి. సిమ్ మార్చినా ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబర్ మారదు. ఇన్‌కాగ్నిటో విండో అన్నది పక్కన కూర్చున్నవాళ్లకి హిస్టరీ కనిపించకుండా చేస్తుందే గానీ, నెట్ ఇచ్చే కంపెనీకి కాదు. మన నెట్‌ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ పెట్టుకుంటే నెట్ కంపెనీ బదులు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది, ఉచితంగా ఇచ్చేవాడు ఏం అమ్ముకుని బతుకుతున్నాడో ఆలోచించండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశిస్తే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి. ప్రైవసీ కోసం మార్చి తయారుచేసిన ఆండ్రాయిడ్, గ్రాఫీన్ ఓఎస్ అని ఒకటుంది, గట్టిదే, కానీ అది గూగుల్ పిక్సెల్ ఫోన్లలోనే నడుస్తుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు దాంతో పేచీ పెడతాయి. వాట్సాప్ లాంటి మెసేజ్‌ల యాప్ సిగ్నల్ మన గురించి దాదాపు ఏమీ దాచిపెట్టుకోదు, 2024 నుంచి నంబర్ కనిపించకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడుకోవచ్చు, కానీ ఖాతా తెరవడానికి నంబర్ కావాల్సిందే. విలేకరికి సమాచారమిచ్చే ఉద్యోగికి ఇవి పనికొస్తాయి. మామూలు మనిషి వీటిలో సగం పెట్టుకుని ‘నేనిక ఎవరికీ దొరకను’ అనుకుంటేనే టెన్షన్.

ప్రభుత్వం దగ్గరికి వస్తామన్నాం కదా. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్లని ఆపి వాట్సాప్ తెరిపించి గంజాయి అన్న మాట వెతికారు, వీడియోలు అందరూ చూశారు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పి అప్పటికి నాలుగేళ్లు. ఫోన్లలో రహస్యంగా దూరే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ సంగతి చూడండి, మన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేల్చలేకపోయారు, కేంద్రం సహకరించలేదని కూడా కమిటీ చెప్పింది. తెలంగాణలో 2024 మార్చిలో బయటపడిన ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మీద పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఇలాంటి చోట ఏ సెట్టింగ్ పనికొస్తుంది? పెగాసస్ లాంటివి లింకు నొక్కకుండానే దూరగలవు.

2025 నవంబర్ నెలాఖరులో సంచార్ సాథీ యాప్‌ని కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించి, గోల రేగాక డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది. ఆ సేవ మంచిదే, పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి వెబ్‌సైట్లో వాడుకోండి. మంచిదైతే జనమే వేసుకుంటారు, మన జేబులోకి తోయాల్సిన పనేంటన్నదే మా అభ్యంతరం.

మేము అడుగుతున్నది పెద్దదేం కాదు. రాష్ట్రంలో ఫోన్ ట్యాపింగ్‌కి మామూలుగా అనుమతిచ్చేది హోం కార్యదర్శి, ఆ అనుమతి సరైందా కాదా అని చూసేది చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన ఇంకో ఇద్దరు కార్యదర్శులు. అందరూ ఒకే సచివాలయం. మధ్యలో ఒక జడ్జి ఉండాలి. ఏటా ఎన్ని ఫోన్లకి అనుమతిచ్చారో అంకె అయినా అసెంబ్లీ ముందు పెట్టాలి. 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వం తనకు తాను మినహాయింపులు రాసుకునే వీలుంది, దాన్ని తగ్గించాలి. అధికారంలో లేనప్పుడు ట్యాపింగ్ మీద గొంతు చించుకునే పార్టీలు, అధికారంలోకి వచ్చాక ఈ మాట ఎత్తడం మేమింకా చూడలేదు.

అన్నట్టు మా డెస్కాయన ఆ సాయంత్రమే పంచాంగం యాప్‌కి కాంటాక్ట్స్ తీసేశారు, ప్రిసైస్ ఆపేశారు. మర్నాడు రాహుకాలం సరిగ్గానే చూపించిందట. ఆ ఊపులోనే రాత్రి చొక్కా కొనడానికి వెళ్తే కౌంటర్లో అమ్మాయి ‘నంబర్ చెప్పండి సార్’ అంది. నంబర్ ఇవ్వకపోతే ‘బిల్లు వేయం’ అనకూడదని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకు చెప్పింది, అది ఈయనకి తెలుసు, వార్త రాసిందే ఈయన. ‘నంబర్ లేకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు సార్’ అందట ఆ అమ్మాయి, వెనక లైన్లో నలుగురు గుర్రుగా చూస్తున్నారట. పది అంకెలూ చెప్పేసి వచ్చారు.