మందులు మాన్పించే సలహా గారికి

మహారాజశ్రీ సలహా గారికి,

నల్గొండ గడియారం సెంటర్ దగ్గరి గల్లీ నుంచి ఐదో నెల గర్భిణి నమస్కరించి రాయునది ఏమనగా,

నాకు అల్సరేటివ్ కొలైటిస్ అని మా ఇంట్లోవాళ్ళకన్నా ముందు మీకే తెలిసింది. పెళ్ళయిన కొత్తలో, చేటలో బియ్యం ఏరుకుంటున్న పక్కింటి పెద్దమ్మ నోట "పేగుల పుండ్లున్న పిల్లకు కడుపేం పండుతది?" అని పలికింది మీరే కదా. అయ్యా, జబ్బు పెద్దపేగుకు, గర్భసంచికి కాదు. అది అదుపులో ఉంటే పిల్లలు కలిగే అవకాశం దాదాపు అందరికీ ఉన్నంత ఉంటుంది. జబ్బు ముదిరి ఉన్నప్పుడు తగ్గుతుంది. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కట్టే ఆపరేషన్ అయినవాళ్ళకు ట్యూబుల దగ్గర అతుకులు పడి ఇంకా తగ్గొచ్చు. ఈ తేడాలు మీకెందుకు, మీ పద్దులో అందరూ గొడ్రాళ్ళే.

ఇదే జబ్బుకు సల్ఫాసలజైన్ వాడే మగవాళ్ళకు వీర్యకణాలు తగ్గుతాయి, మందు మారిస్తే మళ్ళీ మామూలవుతాయి. వాళ్ళ గడప మాత్రం మీరెన్నడూ తొక్కరు. మన జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళకు మీ మోకాళ్ళూ పట్టేశాయేమో.

నెల తప్పిందని తెలియగానే మాత్రం పరుగెత్తుకొచ్చారు. "కడుపుతోటి ఉన్నదానివి, ఇంకా ఈ గోలీలు, సూదులేందే? బంద్ పెట్టు." ఈసారి మా చిన్నత్తను పూనారు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకున్న, నా జబ్బుకు వాడే అడాలిముమాబ్ సూదిని ఆమె తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. పాతిక డిగ్రీలు దాటిన చోట ఉంచకూడని మందు అది. మన ఏప్రిల్ ఎండ సంగతి మీకు చెప్పాలా? వేల రూపాయలు చెత్తబుట్టలో పడ్డాయి. ఇప్పుడు ఫ్రిజ్‌కు తాళం.

నిజంగా ఆపాల్సింది మెథోట్రెక్సేట్ అనే మందు. దాన్ని గర్భానికి కనీసం మూడు నెలల ముందే మానాలి. ఆ మాట మీరు ఏనాడూ అనలేదు, డాక్టరమ్మే చెప్పింది. జబ్బు మూడు నుంచి ఆరు నెలలు నెమ్మదించాకే పిల్లల మాట తలపెట్టమన్నదీ ఆమే. మెసలమైన్, అజాథయోప్రిన్ గోలీలు, ఈ సూది సాధారణంగా కాన్పు దాకా కొనసాగిస్తారు. మీ మాట విని మానితే జబ్బు తిరగబెట్టొచ్చు. నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఒక్కోసారి గర్భస్రావం, అన్నీ దాని వెంటే రావచ్చు. అప్పుడు మీరుండరు, పక్క వీధిలో ఇంకో కోడలికి చెబుతుంటారు.

ఇంకొకటి. రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే ఈ సూదిమందు ఆఖరి నెలల్లో మాయ దాటి బిడ్డ ఒంట్లోకి పోతుంది. అందుకే పుట్టగానే వేసే, బతికున్న క్రిములతో చేసే బీసీజీ టీకాను కనీసం ఆరు నెలలు ఆపమని డాక్టరమ్మ ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసింది. తల్లికి గోలీ కూడా వద్దన్న మీరే పురిటింటి గుమ్మంలో నిలబడి "బిడ్డకు టీకా ఏపియ్యలేదా? ఇదేం తల్లిరా!" అంటారని నాకు తెలుసు. అప్పటికి ఆ ఫైలు టీవీ పక్కనే ఉంటుంది, చదువుకోండి.

ఇట్లు,
పూట తప్పకుండా గోలీ మింగే మీ గల్లీ కోడలు