బైండింగ్ షాపు నుంచి కక్ష్య దాకా

మార్చి, ఏప్రిల్ నెలల్లో విజయవాడ, గుంటూరుల్లో ఏ ఇంజినీరింగ్ కాలేజీ పక్కనున్న జిరాక్స్ షాపుకైనా వెళ్లి చూడండి. పెన్‌డ్రైవ్ పట్టుకుని నలుగురైదుగురు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. "అన్నా, నాలుగు కాపీలు. బ్లాక్ రెక్సిన్, గోల్డ్ లెటర్స్. రేపు పొద్దున్నే వైవా." అట్ట మీద తమ పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. లోపలి పేజీలు తిరగేసేవాళ్లు తక్కువ. ఆ ప్రాజెక్టుల్లో చాలావాటిని డబ్బు కట్టి తెచ్చుకుంటారని ఊరందరికీ తెలుసు. వైవా అయిపోయాక ఆ పుస్తకం డిపార్ట్‌మెంట్ బీరువాలో చేరుతుంది. మళ్లీ దాన్ని తెరిచేవాళ్లు ఉండరు.

తప్పంతా పిల్లలదే అనడం న్యాయం కాదు. నిజమైన సమస్య ఒకటి చేతిలో పెట్టి, "దీన్ని తేల్చు, నేను వెనకుంటాను" అన్న గురువు దొరికితే రాత్రింబవళ్లు పనిచేసే పిల్లలు ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొల్లలు. ఉపగ్రహాలు కట్టి నడిపే అంతరిక్ష వ్యవస్థల రంగంలో అలాంటి సమస్యలు ఎన్నో ఉన్నాయి.

శ్రీహరికోట మనకు ఎంత దూరం? విజయవాడలో చెన్నై రైలెక్కితే, దానికి దగ్గరి స్టేషన్ సూళ్లూరుపేట సుమారు 350 కిలోమీటర్లు. 2008 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ9 ఒకేసారి పది ఉపగ్రహాలను పైకి తీసుకెళ్లింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, డెన్మార్క్‌లోని ఆల్‌బోర్, జర్మనీలోని ఆహెన్ విద్యార్థులు కట్టిన బుల్లి ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 23న పీఎస్‌ఎల్‌వీ-సీ14లో లోసాన్, బెర్లిన్, వుర్జ్‌బర్గ్, ఇస్తాంబుల్ విద్యార్థుల వంతు వచ్చింది. లోసాన్ వాళ్ల స్విస్‌క్యూబ్ బరువు కిలో కూడా లేదు. దాని మీద సుమారు 200 మంది విద్యార్థులు ఏళ్ల తరబడి పనిచేశారు. వాటిని కక్ష్యలో పెట్టింది మన నేల మీది నుంచి లేచిన మన రాకెట్. మన పిల్లలు మాత్రం ఆ ప్రయోగాలను టీవీలో చూశారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా మాకు కష్టంగా ఉంటుంది.

ఆ విదేశీ విద్యార్థులకు అది సాధ్యపడింది థీసిస్ వల్ల, అంటే చదువు చివర చేసి రాసే పరిశోధన వల్ల. ఒక విద్యార్థి బ్యాటరీ ఒక్కదాని మీద ఆరు నెలలు కూర్చుంటాడు. ఎక్కడ తప్పిందో కూడా దాచకుండా రాసి వెళతాడు. తర్వాతి బ్యాచ్ అమ్మాయి ఆ కాగితాలు చదివి, అతను ఆగిన చోట పని అందుకుంటుంది. అలా ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోతే ఒకరోజు ఉపగ్రహం తయారవుతుంది. మన దేశంలోనూ ఈ పద్ధతి ఉంది. బెంగళూరు, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి కట్టిన స్టడ్‌శాట్ 2010లో కక్ష్యకు చేరింది. ఐఐటీ బొంబాయి విద్యార్థుల 'ప్రథమ్' 2007లో మొదలై 2016లో ఎగిరింది. తొలి స్క్రూ బిగించినవాళ్లు అప్పటికి కాలేజీ వదిలి ఏళ్లయింది. అయినా పని ఆగలేదు. చెన్నైలో ఎస్‌ఆర్‌ఎంశాట్ ఉపగ్రహం మీద విద్యార్థిగా పనిచేసిన సంజయ్ నెక్కంటి తర్వాత ధ్రువ స్పేస్ అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ ఉపగ్రహాలు 2022లో కక్ష్యకు వెళ్లాయి.

మరి మన ఊరి పిల్లలకు ఏం సమస్య ఇవ్వాలి? దాని కోసం దూరం పోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగిన రోజులను విజయవాడ ఇప్పట్లో మరిచిపోదు. డాబాల మీద పసిపిల్లలను ఎత్తుకుని జనం పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం చూశారు. మబ్బు కమ్మితే మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి కింద ఏమీ కనిపించదు. రాడార్ ఉపగ్రహానికి కనిపిస్తుంది, అర్ధరాత్రి అయినా సరే. ఇస్రో, నాసా కలిసి కట్టిన నిసార్ అలాంటిదే. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచే వెళ్లింది. కానీ అదే చోటిని అదే కోణంలో అది మళ్లీ చూసేది 12 రోజులకు. బుడమేరు అన్ని రోజులు ఆగదు, గంటల్లో ఇళ్ల మీద పడుతుంది.

ఆ ప్రాంతాన్ని ఆరు గంటలకోసారి చూడాలంటే ఎన్ని చిన్న రాడార్ ఉపగ్రహాలు కావాలి? ఎంత ఎత్తులో తిప్పాలి? విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్య కన్నా, భూమధ్యరేఖకు కొద్దిగా వాలిన కక్ష్య అయితే మన మీదుగా ఎక్కువసార్లు పోతుంది. అయితే అది ఉత్తరాది నదులను చూడలేదు. రాడార్ కరెంటు బాగా తింటుంది. అందుకు సోలార్ పలకలు పెంచితే బరువు పెరుగుతుంది, బరువుతో ప్రయోగం ఖర్చు పెరుగుతుంది. చిత్రం తీశాక దాన్ని కిందికి దింపుకునే యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? ఒకచోట వదులు చేస్తే ఇంకోచోట బిగుసుకుంటుంది. ఈ లెక్కలన్నీ కలిపి తేల్చడమే స్పేస్ సిస్టమ్స్ ఇంజినీరింగ్. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది. ఏ వీధిలో నీళ్లు ఎంత లోతు నిలిచాయో చెప్పే సివిల్ విద్యార్థి కూడా వాళ్ల పక్కన ఉండాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. కక్ష్యలు లెక్కగట్టే నాసా సాఫ్ట్‌వేర్ జీమ్యాట్ ఉచితం. యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు ఉచితం. హైదరాబాద్‌లోని ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ తన భూనిధి పోర్టల్‌లో చాలా డేటా ఇస్తోంది. చంద్రయాన్ డేటా కూడా అందరికీ అందుబాటులో ఉంది. మంచి లాప్‌టాప్, ఓపికగా పక్కన కూర్చునే గైడ్ ఉంటే పని మొదలవుతుంది.

చేత్తో చేసే పనీ ఉంది. బెజవాడ ఎండలో ఫ్యాన్ తిరిగితే గాలి మన ఒంటి వేడిని కొంతైనా లాక్కుపోతుంది. పైన గాలే లేదు. 500 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. చాలా కక్ష్యల్లో ప్రతి చుట్టులో దాదాపు అరగంట చీకట్లో చల్లబడుతుంది, మిగతా సేపు ఎండలో కాగుతుంది. ఆ వేడికీ ఆ చలికీ బ్యాటరీని కాపాడటం ఎలాగన్నది ఒక ఎంటెక్ థీసిస్‌కు చాలినంత పని. పది సెంటీమీటర్ల ఘనాకారపు బుల్లి ఉపగ్రహం క్యూబ్‌శాట్ చట్రాన్ని మిల్లీమీటరులో పదో వంతు తేడా లోపల కోయాలి. ఆటోనగర్‌లో లోహం మీద చేయి తిరిగిన పనివాళ్లున్నారు. మన కాలేజీలు వాళ్ల గడప తొక్కాలి.

తలుపులు మూసేసి ఏమీ లేవు. ఇస్రో కేంద్రాలు విద్యార్థులను ప్రాజెక్టు ట్రైనీలుగా తీసుకుంటున్నాయి. గాదంకిలో వాతావరణాన్ని చదివే రాడార్ కేంద్రం ఉంది. పీఎస్‌ఎల్‌వీ చివరి అంచెను కక్ష్యలోనే ప్రయోగశాలగా వాడుకునే 'పోయెమ్' ఉంది. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెమ్-4 మీద 24 ప్రయోగాలు సాగాయి. ఇస్రో పంపిన అలసంద విత్తనాలు మొలకెత్తింది అక్కడే. బెంగళూరులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల పరికరం కూడా వాటి పక్కనే ఉంది. మన జిల్లాల నుంచి అడిగేవాళ్లు పెరగాలి.

ప్లేస్‌మెంట్ గురించి తల్లిదండ్రుల టెన్షన్ మాకు తెలుసు. అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లకు ఉపగ్రహం ముచ్చట కాదు, ఉద్యోగం కావాలి. కానీ ఇంటర్వ్యూలో "నీ ప్రాజెక్టు గురించి చెప్పు" అన్నప్పుడు నోరు పెగలని బిడ్డకూ, తను చేసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసిన పనిని అరగంట చెప్పగల బిడ్డకూ తేడా కంపెనీకి తెలుస్తుంది. స్పేస్ కంపెనీయే కానక్కర్లేదు, ఏ కంపెనీకైనా.

మా డిమాండ్ కాలేజీ యాజమాన్యాలకు, యూనివర్సిటీలకు. గైడ్‌గా ఉండే అధ్యాపకులను అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పకండి. తనిఖీల ఫైళ్ల కింద పూడ్చకండి. వారంలో రెండు పూటలు పరిశోధనకు వదలండి. ప్రయోగం విఫలమైనా, ఎందుకు విఫలమైందో నిజాయితీగా రాసిన విద్యార్థికి పూర్తి మార్కులివ్వండి. 750 మంది బాలికలు చేయి వేసిన ఆజాదీశాట్ ఉపగ్రహం 2022 ఆగస్టులో ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమవడంతో పోయింది. ఆర్నెల్లకే వాళ్ల రెండో ఉపగ్రహం కక్ష్యకు వెళ్లింది. కృష్ణా, గుంటూరు కాలేజీలన్నీ కలిసి ఉపగ్రహ సంకేతాలు అందుకునే గ్రౌండ్ స్టేషన్ ఒక్కటి పెట్టుకోండి. విడివిడిగా పది పెట్టి పదింటికీ తాళాలు వేయడం కన్నా అది మేలు. రాష్ట్ర ప్రభుత్వం లేపాక్షి, తిరుపతిల్లో స్పేస్ సిటీలంటోంది. మంచిదే. ఆ ఖర్చులో కొంత ఇక్కడి విద్యార్థుల చేతికీ రావాలి.

డిసెంబరు వచ్చేసరికి 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) ప్రాజెక్టు టీములు కడతారు. అప్పటికి ప్రతి డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద సమస్యల జాబితా ఉండాలి. ప్రతి సమస్య ఎదురుగా గైడ్ పేరు, కిందటి బ్యాచ్ ఎక్కడిదాకా తెచ్చిందో ఒక పేరా ఉండాలి. బీరువాల్లోని పాత రిపోర్టులు బయటికి తీసి, నిజంగా చేసినవి ఏరి పెట్టే పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.