ఫీజు పేచీకి ఆటగాడే తాకట్టా?

బిలియర్డ్స్ కోవకు చెందిన పూల్ అంటే మన దగ్గర ఇంకా గంటకింత అని బల్ల అద్దెకిచ్చే పార్లర్ ఆటే. విజయవాడ మొగల్రాజపురంలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా కాలేజీ వదిలాక కుర్రాళ్లు బంతుల్ని కొట్టే కర్ర (క్యూ) కొనకు నీలం సుద్ద రుద్దుకుంటూ తమ వంతు కోసం కాచుకుంటారు. అదే ఆటకు అంతర్జాతీయంగా కోట్ల రూపాయల బహుమతులున్నాయి. ఆ పోటీలకు ఎవరి అనుమతి కావాలి, అనుమతికి ఎంత కట్టాలి అన్నదానిపై పెద్ద రభసే జరిగింది. ఆ రభస మనకెందుకు అనుకోవడానికి లేదు. అలాంటి పేచీలో చిక్కి నలిగినవారు మన ఊళ్లోనూ ఉన్నారు.

ఆ రభసలో ఒక పక్షమైన ప్రపంచ పూల్ సంఘం 1987లో ఏర్పడింది. ప్రైవేటు సంస్థ పెట్టే టోర్నీకి అది ఆమోదముద్ర వేస్తుంది, ర్యాంకింగ్ పాయింట్లు ఇస్తుంది, అందుకు ఫీజు పుచ్చుకుంటుంది. అవతలి పక్షం బ్రిటన్‌కు చెందిన మ్యాచ్‌రూమ్. బ్యారీ హెర్న్ స్థాపించిన ఆ కంపెనీ 1994 నుంచి యూరప్, అమెరికా జట్లు తలపడే మోస్కోనీ కప్ నడుపుతోంది. 2023లో నైన్‌బాల్ (తొమ్మిది బంతులతో ఆడే పూల్) ఆటకు సొంత టూరే మొదలుపెట్టింది. 2024లో జెడ్డాలో అది నిర్వహించిన ప్రపంచ చాంపియన్‌షిప్ మొత్తం బహుమతి 10 లక్షల డాలర్లు. విజేతకు అందులో రెండున్నర లక్షలు. హాలు, ప్రసారం, బహుమతి సొమ్ము అన్నీ తానే భరించే ప్రమోటర్, ఈ ఫీజు దేనికని అడగడంలో వింతేమీ లేదు. ఆట నియమాలు, జాతీయ సంఘాలు, ఒలింపిక్ గుర్తింపు ఇవన్నీ గాలిలోంచి ఊడిపడలేదు కదా అని సంఘం బదులివ్వడంలోనూ తప్పులేదు.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. 2024లో వియత్నాంలో మ్యాచ్‌రూమ్ పెట్టిన హనోయ్ ఓపెన్ ముంగిట, ఆమోదం లేని పోటీలో ఆడితే సస్పెన్షన్ తప్పదన్న హెచ్చరికలు ఆటగాళ్లకు వెళ్లాయి. ఫీజు కట్టాల్సింది ప్రమోటరు, వసూలు చేసుకోవాల్సింది సంఘం, వేటు మాత్రం ఆటగాడి మీద. వియత్నాం, ఫిలిప్పీన్స్ క్రీడాకారులకు ఆగ్నేయాసియా క్రీడల్లో దేశం తరఫున ఆడే అవకాశం ప్రాణంతో సమానం. పెద్ద బహుమతి కావాలో, దేశం జెర్సీ కావాలో తేల్చుకోమని వారిని నిలదీయడం ఏం న్యాయం? ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరగడమంటే ఇదే.

మన దగ్గర క్రికెట్‌లోనూ ఇదే జరిగింది. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టు సారథి. సీనియర్ జట్టు తలుపు తట్టడం ఇక రోజుల మాటే అనుకున్నారంతా. 2007లో జీ గ్రూపు పెట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి హైదరాబాద్ జట్టుకు ఆడాడు. బీసీసీఐ ఆ లీగును గుర్తించలేదు సరికదా, అందులో ఆడినవారికి తన తలుపులన్నీ మూసేసింది. 2009లో క్షమాభిక్ష ప్రకటించాకే రాయుడు తిరిగొచ్చాడు. టీమిండియా తొలి మ్యాచ్ ఆడింది 2013లో, అదీ 27 ఏళ్ల వయసులో. మధ్యలో ఆవిరైన ఏళ్లకు బోర్డు జవాబుదారీ కాదు, లీగూ కాదు. పైపెచ్చు ఆ లీగు మూతపడ్డాక తమకు బకాయిలు రాలేదని ఎందరో ఆటగాళ్లు మొత్తుకున్నారు.

అందుకే ప్రైవేటు ప్రమోటర్లను ఉద్ధారకులుగా చూపే వాదనతోనూ మేము ఏకీభవించం. పూల్‌లోనే చేదు ఉదాహరణ ఉంది. టీవీ ప్రకటనలతో పేరు గడించిన అమెరికన్ వ్యాపారి కెవిన్ ట్రూడో అంతర్జాతీయ పూల్ టూర్ అని ఆర్భాటంగా మొదలుపెట్టాడు. 2006లో రినో నగరంలో గెలిచిన ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్‌కు 5 లక్షల డాలర్లన్నారు. తీరా పోటీ ముగిశాక ఖజానా ఖాళీ! గెలిచినవారికి సొమ్ము వాయిదాల్లో అందింది. ఆ టూరూ ఎంతోకాలం నిలవలేదు. ఆమోదముద్రకు ఫీజు తీసుకునే సంఘం అసలు చేయాల్సిన పని ఇక్కడే ఉంది. బహుమతి మొత్తాన్ని ముందుగానే బ్యాంకులో జమచేయించి, ఆ పూచీకి ఫీజు అడిగితే ఎవరు కాదంటారు?

న్యాయస్థానాలు కూడా ఇటే మొగ్గుతున్నాయి. అనుమతి లేని పోటీలో పాల్గొన్న స్కేటర్లపై వేటు వేసే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం నిబంధనలను యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2023 డిసెంబరు 21న తప్పుపట్టింది. ముందస్తు అనుమతి విధానం పారదర్శకంగా, వివక్ష లేకుండా ఉండాలంది. అంతకు ఐదేళ్ల ముందే మన దేశంలో వ్యాపార గుత్తాధిపత్యాన్ని అరికట్టే కాంపిటీషన్ కమిషన్, గుర్తింపు లేని టోర్నీల్లో ఆడొద్దని చదరంగం క్రీడాకారులను కట్టడి చేసిన అఖిల భారత చెస్ సమాఖ్యకు 6.92 లక్షల రూపాయల జరిమానా వేసింది. హంపి, హారికలను కన్న ఈ ప్రాంతంలో ఆ తీర్పుపై చర్చే జరగకపోవడం విచిత్రం.

జిల్లాల్లో ఓపెన్ టోర్నీల కరపత్రాలు చూడండి. పైన స్పాన్సర్ల ఫొటోలు, మధ్యలో లావుపాటి అక్షరాల్లో బహుమతి మొత్తం, అడుగున చిన్నక్షరాల్లో ‘సంఘం గుర్తింపుతో’. ఆ గుర్తింపుకు ఎంత కట్టారో, బదులుగా సంఘం ఏమిచ్చిందో పిల్లాడి ఎంట్రీ ఫీజు కట్టే తండ్రికి ఎవరూ చెప్పరు.

జాతీయ క్రీడా పాలన చట్టం 2025లో వచ్చింది, క్రీడా వివాదాలకు ట్రైబ్యునల్‌ను ప్రతిపాదించింది. మంచిదే. కానీ జిల్లా స్థాయి పిల్లాడు ఢిల్లీ దాకా ఎక్కడ తిరుగుతాడు? రాష్ట్రంలో క్రీడల బాధ్యత చూసే ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) ఆ పని ఇక్కడే మొదలుపెట్టవచ్చు. గుర్తింపు ఫీజుల పట్టికను బహిరంగంగా ప్రకటించని సంఘానికి ప్రభుత్వ స్టేడియం ఇవ్వకూడదు. బహుమతి సొమ్ము ముందుగా జమచేయని నిర్వాహకుడికీ ఇవ్వకూడదు. ఫీజు బకాయి ఉంటే సంఘం నిర్వాహకుడిపై దావా వేసుకోవాలి తప్ప, ఆ టోర్నీలో ఆడాడన్న ఒక్క కారణంతో ఏ క్రీడాకారుడినీ రాష్ట్ర జట్టు ఎంపికల నుంచి తప్పించకూడదు. వచ్చే సీజన్ ఎంపికలు మొదలయ్యేలోగా ఈ మేరకు ఉత్తర్వులు రావాలి.