ఓటేస్తే ఆ పార్టీ మనిషినైపోతానా?

ఇందాకే ఒక సర్వే కాల్ వచ్చింది. ఫోన్ పెట్టేసి అరగంటైనా కోపం దిగడం లేదు.

“మీది ఏ పార్టీ అండీ?” అన్నాడు ఆ అబ్బాయి. ఏ పార్టీ కాదన్నాను. “మరి పోయినసారి ఎవరికి వేశారు?” దాచుకునేదేముందని చెప్పాను. “అయితే మీది ఆ పార్టీయే కదండీ, అదే రాసుకుంటున్నా” అన్నాడు. కాదు బాబూ అనేలోపే వయసెంత, చదువెంత అంటూ వెళ్లిపోయాడు.

ఓటు వేసినంత మాత్రాన ఆ పార్టీ మనిషిని ఎలా అవుతాను? అభ్యర్థిని చూసి వేసి ఉండొచ్చు. ఎదుటివాడు గెలవకూడదని వేసి ఉండొచ్చు. పార్టీ అభిమానం వేరే. ఈసారి ఓటు ఇంకొకరికి వేసినా, ఫలితాల రోజు ఆ పార్టీ ఓడిపోతుంటే అన్నం సహించదే, అదీ అభిమానం. ఈ రెండింటినీ విడదీసి చూడటానికే కదా అసలు ‘మీది ఏ పార్టీ’ అన్న ప్రశ్న పుట్టింది!

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 1952 నుంచి అడుగుతున్న ప్రశ్న చూడండి. ‘సాధారణంగా మీరు మిమ్మల్ని రిపబ్లికన్ అనుకుంటారా, డెమోక్రాట్ అనుకుంటారా, ఇండిపెండెంట్ అనుకుంటారా, ఇంకేమైనానా?’ పార్టీ పేరు చెబితే, గట్టిగానా ఓ మోస్తరుగానా అంటారు. ఇండిపెండెంట్‌ని, అంటే ఏ పార్టీ మనిషినీ కాదని చెబితే, ఎటువైపైనా కాస్త దగ్గరగా ఉన్నారా అంటారు. మొత్తం ఏడు మెట్లు, నట్టనడిమి మెట్టు ఎటూ మొగ్గనివాళ్లది. మీరు మిమ్మల్ని ఏమనుకుంటారు అని అడగడంలోనే ఉంది మర్యాదంతా. అనుకోవాల్సింది నేను, రాసుకోవాల్సింది వాళ్లు.

‘సాధారణంగా’ అన్న మాట కూడా ఊరికే పెట్టలేదు. అక్కడే గాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు అదే సంగతిని ‘ఈరోజుకి’ అని అడుగుతారు. అలా అడిగితే ఆ వారం వార్తల వేడి జవాబులోకి వచ్చేస్తుందా లేదా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. జర్మనీలోనైతే, చాలామంది అప్పుడప్పుడు వేరే పార్టీకి వేసినా ఎక్కువకాలం ఒక పార్టీ వైపే మొగ్గుతారని ప్రశ్నలోనే చెప్పి, మరి మీ సంగతేమిటని అడుగుతారు. అవతల ఒక్కో మాటను అంత తూచి వాడుతుంటే, నాకు ఫోన్ చేసినవాళ్లు నా జవాబు కూడా వాళ్లే చెప్పేశారు.

ఇండిపెండెంట్ అని చెప్పుకుంటూ ఒకవైపు మొగ్గేవాళ్లు చివరికి ఎక్కువగా ఆ పార్టీకే వేస్తారు కదా అని వాదించేవాళ్లున్నారు. వేస్తారు, నిజమే. అయితే? వాళ్లు నోరు తెరిచి ‘నేను ఆ పార్టీ కాదు’ అన్నారు. ఆ మాటకు విలువ లేదా?

నాకింత మంట ఎందుకంటే, చదువుకునే రోజుల్లో ఇదే పని నేనూ చేశాను. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపేవాణ్ణి. ఒక పెద్దావిడ గడపలో కూర్చుని, ఏ ఎన్నికలో ఎవరికి వేసిందో వేళ్లు మడిచి మరీ చెప్పింది. ఒక్కోసారి ఒక్కొక్కరికి. “నేను ఎవరి మనిషినీ కాదు నాయనా, అదే రాయి” అని నేను రాసేదాకా నా పెన్సిల్ వైపే చూస్తూ కూర్చుంది. ‘ఏ పార్టీ కాదు’ దగ్గర టిక్ పెట్టాను.

సాయంత్రం మా సూపర్‌వైజర్ ఆ ఫారం తీసి, రబ్బరుతో ఆ టిక్ చెరిపేశాడు. “ఇన్ని ‘ఏ పార్టీ కాదు’లుంటే రిపోర్టులో ఏం చూపిస్తాం?” అని, ఆమె చివరిసారి వేసిన పార్టీకి టిక్ పెట్టాడు. ఫారం మీద రబ్బరు పొడిని ఉఫ్ అని ఊదేసి ఇంకోటి అందుకున్నాడు. అలా నా కళ్లముందే పదకొండు ఫారాలు మార్చాడు. నేను నోరెత్తలేదు. రోజుకూలి పోతుందని భయం.

అందుకే టీవీలో ఫలానా పార్టీకి ఇంతమంది పక్కా అభిమానులు అని రంగురంగుల గీతలు చూపించినప్పుడల్లా నాకు ఆ రబ్బరు పొడే కనిపిస్తుంది. ఆ గీతల్లో ఆ పెద్దావిడ లాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరు చెబుతారు? ఇవాళ నన్నూ అందులో కలిపేశారు.

ఆ నంబరుకు నాలుగుసార్లు తిరిగి చేశాను. కలవడం లేదు. మళ్లీ చేస్తాను. నా జవాబు మార్చి రాసేదాకా చేస్తూనే ఉంటాను.