‘చేశాం’ అంటే ఎవరెవరమ్మా?

మొన్న గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు రెజ్యూమె పంపి, "అక్కా, ఒకసారి చూడవా" అన్నాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, అవివాహితుడు. హాబీలు: పాటలు వినడం. బలాలు: హార్డ్ వర్క్, పాజిటివ్ యాటిట్యూడ్. కింద, పై వివరాలన్నీ నిజమని ఒక ప్రమాణం. అబద్ధమాడటానికి అందులో ఏముంది గనక! మూడేళ్లు చేసిన పనికి మాత్రం ఒకే లైను: కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్.

నవ్వే హక్కు నాకు లేదు. కొన్నేళ్ల కిందట నాదీ అదే కాగితం.

అప్పుడు నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గర అకౌంట్స్ చూసేదాన్ని. జీఎస్టీ పని అంటే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు కొట్టడమే అనుకుంటారు చాలామంది. అసలు తలనొప్పి వేరే ఉంది. సరుకు కొన్నప్పుడు మనం పన్నుతో సహా డబ్బు కట్టేస్తాం. అమ్మినవాడు ఆ బిల్లును తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఎక్కించకపోతే, పోర్టల్ మనకిచ్చే క్రెడిట్ల చిట్టా 2బీలో అది కనపడదు, మనకి క్రెడిట్ రాదు, అంటే కట్టిన ఆ పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేం. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే మరుసటి నెల 11వ తారీఖులోపు ఎక్కించాలి. 14న మన 2బీ వస్తుంది, 20కల్లా మనం పన్ను కట్టే రిటర్న్ 3బీ వెయ్యాలి. నేను నెల మొదటి వారంలోనే బిల్లుల లిస్టు పట్టుకుని సప్లయర్లకి ఫోన్ల మీద ఫోన్లు. బతిమాలడం, బెదిరించడం, "అన్నా, ఈ ఒక్క బిల్లూ ఎక్కించు" అనడం. ఒక్క ఏడాదిలో, ఆగిపోయిన క్రెడిట్ 4 లక్షల పైచిలుకు వెనక్కి వచ్చింది. మా ఓనరుగారికి కూడా ఈ సంగతి పూర్తిగా తెలుసనుకోను. డబ్బు పోతే అందరికీ తెలుస్తుంది గానీ, పోకుండా ఆగితే ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ. "మీ గురించి చెప్పండి" అన్నారు. "మాది తెనాలి అండీ, నాన్నగారు రిటైర్డ్ టీచరు, చెల్లి బీటెక్ చదువుతోంది" అన్నాను, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి చెప్పినట్టు. పని గురించి అడిగితే, "2బీతో బిల్లులు సరిచూశాం అండీ, క్రెడిట్లు వచ్చేలా చేశాం" అన్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు తీసి అడిగారు: "‘చేశాం’ అంటే ఎవరెవరమ్మా?"

ఆ ఆఫీసులో అకౌంట్స్‌కి ఉన్నది నేనొక్కదాన్నే. ఆ మాట మాత్రం నోటికి రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

‘నేను చేశాను’ అనడానికి మనకి నోరు బరువెక్కుతుంది. చేశాం అంటాం, అయిపోయింది అంటాం, ఇంకా ఒత్తిడి చేస్తే దేవుడి దయ అంటాం. ఆడపిల్లకి ఈ పాఠం రెండు పాళ్లు ఎక్కువే నేర్పుతారు. కంచు మోగినట్టు కనకం మోగదని బడిలో నిలబెట్టి మరీ అప్పజెప్పించారు. మోగదు, ఒప్పుకుంటాను. మరి ఈ రోజుల్లో కనకాన్ని మనం ఊరికే నమ్ముతున్నామా? హాల్‌మార్కు తప్పనిసరి చేసిన జిల్లాల్లో, చిన్నాచితకా మినహాయింపులు పక్కన పెడితే, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కూ, ప్రతి నగకీ వేరుగా ఉండే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడూ లేని బంగారు నగని కొట్టువాళ్లు అమ్మకూడదు. 22 క్యారెట్లయితే 916 ముద్ర వేయించుకుని మరీ అద్దాల వెనక కూర్చుంటుంది. దాన్ని చూసి ‘సొంత డబ్బా’ అని ఎవరూ మూతి తిప్పరు.

అలాగని డబ్బారాయుళ్లు లేరనను. చెయ్యని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కొనుక్కునేవాళ్లున్నారు. టీమంతా కష్టపడిన పనికి లింక్డ్‌ఇన్‌లో తన ఫొటో ఒక్కటే పెట్టుకునేవాళ్లున్నారు. వాళ్లంటే నాకూ ఒళ్లుమంటే. కానీ వాళ్లమీద కోపంతో మనం నోరు కుట్టేసుకుంటే, ఆ కుర్చీలో కూర్చునేది వాళ్లే కదా. తరచి తరచి మూడో ప్రశ్న వేసినా జవాబు చెప్పగలిగే పనిని చెప్పుకోవడం డబ్బా ఎలా అవుతుంది?

"మన పనే మాట్లాడుతుంది" అనే పెద్దమనుషులతోనే నా పేచీ అంతా. నా పని ఆటోనగర్‌లో ఒక బీరువా ఫైల్లో ఉంది. ఇంటర్వ్యూ చేసినావిడ ఆ బీరువా తీసి చూస్తారా? హనుమంతుడికైతే బలం గుర్తుచెయ్యడానికి జాంబవంతుడున్నాడు. మన జాంబవంతుడు పోయిన మార్చిలోనే వేరే బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు.

సరే, తమ్ముడికి ఫోన్ చేశాను. "మూడేళ్లు ఏం చేశావురా?"

"ఏముందక్కా, మామూలు పనే."

అరగంట గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. రైతు వచ్చి తన మిర్చి శాంపిల్ కావాలంటే, ఆ టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఏ ఛాంబర్లో, ఏ వరసలో ఉన్నాయో వెతకడానికే హమాలీలకి సగం పూట పట్టేదట. వీడు లాట్ నంబర్ల ప్రకారం ఫోన్‌లో ఒక షీట్ తయారుచేసుకున్నాడు. ఇప్పుడు పావుగంట చాలట. పక్క కోల్డ్ స్టోరేజీ వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారట.

"మరి ఇది రాయలేదేంరా?"

"అది ఎవరూ చెయ్యమన్లేదక్కా, నా అంతట నేనే చేశా. అలాంటివి కూడా రాస్తారా?"